కాకి వాలిందని పండు రాలిందా? ‘దశావతారం’లో సైన్సు, పురాణం

అమెరికాలోని ఒక ప్రయోగశాలలో తయారైన ప్రాణాంతక వైరస్ చిన్న సీసాలో ఉంటుంది. అది పార్సెల్‌లో సముద్రాలు దాటి తమిళనాడులోని చిదంబరం చేరుతుంది. అక్కడ మతి కాస్త తప్పిన ఒక పండు ముసలి బామ్మ చేతికి చిక్కుతుంది. ఆవిడ దాన్ని పెరుమాళ్ విగ్రహంలో పడేస్తుంది. ఇక అక్కణ్ణుంచి కథ చివరిదాకా ఆ విగ్రహం కోసం ఇద్దరు కొట్టుకుంటూనే ఉంటారు. శాస్త్రవేత్త గోవింద్‌కి కావలసింది లోపలి సీసా. అతన్ని విగ్రహాల దొంగ అనుకునే ఆండాళ్‌కి కావలసింది స్వామి. విగ్రహం ఒకటే. ఒకరి కళ్లకి అందులో ప్రళయం కనిపిస్తుంది, మరొకరి కళ్లకి రక్షకుడు.

2008 జూన్ 13న విడుదలైన తమిళ చిత్రం ‘దశావతారం’ మొత్తం కథ ఈ ఒక్క ఊహలో ఇమిడిపోతుంది. దర్శకుడు కె.ఎస్. రవికుమార్, నిర్మాత ఆస్కార్ రవిచంద్రన్, కథ కమల్ హాసన్‌ది. తెలుగులోనూ డబ్ అయింది. విడుదలైనప్పుడు చర్చంతా కమల్ వేసిన పది వేషాల చుట్టూనే నడిచింది. ‘నవరాత్రి’లో తమిళంలో శివాజీ గణేశన్, తెలుగులో అక్కినేని నాగేశ్వరరావు తొమ్మిది పాత్రలు వేశారు కాబట్టి, పదోది కూడా కలిపి లెక్క దాటించాడన్నది అప్పటి ముచ్చట. వేషాల హడావిడిలో అసలు సాహసం వెనక్కి పోయింది. కేయాస్ థియరీ అనే గణిత భావాన్నీ, అవతారాలనే పురాణ భావాన్నీ ఒకే కథలో కూర్చోబెట్టాలన్నది ఆ సాహసం.

దశావతారాలనీ సైన్సునీ కలపడానికి సులువైన దారి ఒకటి ఎప్పటి నుంచో ఉంది. నీళ్లలో చేప, నీటికీ నేలకీ నడుమ తాబేలు, నేలమీద పంది, సగం మృగం సగం మనిషి అయిన నరసింహుడు, పొట్టి మనిషి వామనుడు, గొడ్డలి పట్టిన పరశురాముడు. ఇదంతా జీవపరిణామమేనని చెప్పే వాదన అది. డార్విన్ పుస్తకం 1859లో వచ్చింది. ఇరవై ఏళ్లు తిరక్కుండానే, 1877లో, దివ్యజ్ఞాన సమాజం స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ ఈ పోలికను రాసేశారు. ఇంగ్లండులో పుట్టి భారత పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ కూడా ఈ వరుస వెన్నెముక ఉన్న జీవుల పరిణామాన్ని స్థూలంగా గుర్తుచేస్తుందన్నాడు. అయితే డార్విన్ రాకముందు ఈ పోలిక ఎవరికీ ఎందుకు తట్టలేదన్న ప్రశ్న ఒకటుంది. జవాబు తెలిశాక లెక్క చేయడం ఎవరికైనా తేలికే.

పేరే ‘దశావతారం’ అని పెట్టుకుని కూడా ఈ సినిమా ఆ దారి తొక్కలేదు. మన పురాణాల్లో అన్నీ ముందే ఉన్నాయన్న మాట ఎక్కడా అనదు. హేతువాదిగా పేరున్న, అయ్యంగార్ల ఇంట పుట్టిన రచయిత నుంచి అంత చవక మాట రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆయన ఎంచుకున్నది వాతావరణ శాస్త్రం నుంచి పుట్టిన ఊహ.

1961 చలికాలం. అమెరికాలోని ఎంఐటీలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త కంప్యూటర్‌లో ఒక ఊహా వాతావరణాన్ని నడిపిస్తున్నాడు. ఒక లెక్కను మధ్యలోంచి మళ్లీ చూడాల్సి వచ్చింది. పాత ప్రింటు కాగితం మీద ఉన్న అంకె 0.506. అదే టైపు చేసి కాఫీకి వెళ్లాడు. ఓ గంట తర్వాత వచ్చి చూస్తే కొత్త వాతావరణానికీ పాతదానికీ పొంతనే లేదు. మిషను పాడైందేమో అనుకున్నాడు. మిషను బాగానే ఉంది. దాని లోపల ఉన్న అసలు అంకె 0.506127. కాగితం మీద చోటు కలిసొస్తుందని మూడు అంకెలే అచ్చయ్యాయి. వెయ్యిలో ఒకటో వంతు కూడా లేని ఆ తేడా కొన్ని నెలల వాతావరణాన్ని తారుమారు చేసింది.

1963లో ఆయన దీన్ని వ్యాసంగా రాశాడు. 1972 డిసెంబరు 29న ఒక సభలో, బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే టెక్సాస్‌లో సుడిగాలి పుడుతుందా అన్న శీర్షికతో ప్రసంగించాడు. ఆ శీర్షిక కూడా ఆయన పెట్టింది కాదు, సభ ఏర్పాట్లు చూసిన ఫిలిప్ మెరిలీస్ పెట్టాడు. లోరెంజ్ 2008 ఏప్రిల్ 16న చనిపోయాడు. రెండు నెలలు తిరక్కుండానే ఆయన సీతాకోకచిలుక ఒక దక్షిణాది మాస్ సినిమాకి కథాసూత్రమై థియేటర్లకొచ్చింది. సినిమా మొదట్లో గోవింద్ చేసే ప్రసంగంలోనే ఆ ప్రస్తావన ఉంటుంది.

ఆ ప్రసంగంలో లోరెంజ్ ముందుగానే ఒక జాగ్రత్త చెప్పాడు, దాన్ని చాలామంది పట్టించుకోరు. రెక్క ఆడితే సుడిగాలి పుట్టొచ్చు అనుకుంటే, అదే రెక్క పుట్టబోయే సుడిగాలిని ఆపనూ వచ్చు. అంటే ఫలానా రెక్క వల్లే ఫలానా గాలి వచ్చిందని వేలెత్తి చూపించలేం. కేయాస్ థియరీ చెప్పేది ఇంతే: చిన్న తేడా పెరిగి పెద్దదవుతుంది కాబట్టి దూరపు భవిష్యత్తు మన లెక్కకి అందదు. వాతావరణ శాఖ రేపటి వానని ధీమాగా చెప్పగలిగినా, నెల తర్వాతి మంగళవారం ఏమవుతుందో చెప్పలేకపోవడానికి ఇదే కారణం.

సినిమా దీన్ని ఎలా వాడుకుంది? విలన్ ఫ్లెచర్ పేల్చిన తూటా గొంతు క్యాన్సర్‌తో బాధపడే పంజాబీ గాయకుడు అవతార్ సింగ్‌కి తగులుతుంది. మనిషి చావడు, తూటా గొంతులోని కణితిని ఊడ్చుకుని పోతుంది. గూఢచార సంస్థ ‘రా’ అధికారి బలరామ్ నాయుడు అనుమానంతో కలీఫుల్లా ఖాన్ అనే అతని పేటవాళ్లని మసీదులో కూర్చోబెట్టి విచారిస్తాడు. సునామీ వచ్చినప్పుడు ఇళ్లల్లో ఉండాల్సిన ఆ జనం మసీదులో ఉండి బతికిపోతారు. కీడులోంచి మేలు, అవమానంలోంచి ప్రాణం. కథనం పరంగా చూస్తే ఇవి మంచి ముడులే. ముఖ్యంగా మసీదు ఘట్టంలో వ్యంగ్యం పదునుగా ఉంది.

కానీ దీన్ని కేయాస్ అనలేం. దీనికి మన దగ్గర పాత మాట ఒకటుంది, కాకతాళీయం. కాకి వాలింది, అదే క్షణంలో తాటిపండు రాలింది. కాకి వాలడం వల్లే రాలిందని చూసినవాడు అనుకుంటాడు. తర్కం చెప్పే న్యాయశాస్త్రం వాళ్లు ఆ పొరపాటుకి పేరు కూడా పెట్టి ఉంచారు. సినిమాలో కాకులు వాలిన ప్రతిసారీ పళ్లు సరిగ్గా కావలసిన చోటే రాలుతుంటాయి. తూటా పావు అంగుళం పక్కకి పోయి గాయకుడు చచ్చిపోతే? విచారణ సముద్రపు ఒడ్డున జరిగి ఉంటే? కేయాస్‌లో ఈ రెండింటికీ సమానంగానే చోటుంది. సీతాకోకచిలుక మంచివైపే రెక్క ఆడిస్తానని ఎవరికీ మాట ఇవ్వలేదు. ప్రతి చిన్న సంఘటనకీ ముందెప్పుడో నిర్ణయమైన ప్రయోజనం ఉందనీ, అది చివర్లో తెలుస్తుందనీ చెప్పేది వేరే సిద్ధాంతం. పల్లెల్లో దాన్ని రాత అంటారు, పండితులు కర్మ అంటారు.

ఈ సినిమాలో సైన్సూ పురాణమూ నిజంగా కలిసింది ఇక్కడే. పది వేషాల్లోనో, వైరస్ సీసాలోనో కాదు. లోరెంజ్ భావాన్ని తెచ్చి, దానికి తెలియకుండానే, బహుశా రచయితకి తెలిసే, కర్మ సిద్ధాంతం బట్టలు తొడిగారు. దాన్ని తప్పుగా చూడొచ్చు, చమత్కారంగానూ చూడొచ్చు. హేతువాది రాసిన కథలో విధి ఇంత క్రమశిక్షణతో పనిచేయడం మాత్రం గమనించదగ్గ సంగతి.

మొదటి పావుగంట మాత్రం వేరే స్థాయిలో ఉంటుంది. 12వ శతాబ్దం, చిదంబరం. శైవ మతావేశంలో ఉన్న రెండో కులోత్తుంగ చోళుడు నటరాజ ఆలయ ప్రాంగణంలోని గోవిందరాజస్వామి విగ్రహాన్ని పెకలించి సముద్రంలో పారేయమంటాడు. వైష్ణవ భక్తుడు రంగరాజ నంబి అడ్డుపడతాడు. పంచాక్షరి పలికితే ప్రాణం దక్కుతుందన్నా, అతని నోట అష్టాక్షరి తప్ప రాదు. ఒంట్లో కొక్కేలు గుచ్చి వేలాడదీస్తారు, చివరికి విగ్రహానికే కట్టి నడిసముద్రంలో ముంచుతారు. ఈ ఘట్టంలో వచ్చే పాట వాలి రాసింది. అందులో ఒక లెక్క ఉంది: ఎనిమిదిలోంచి అయిదు తీసేయొచ్చు గానీ, అయిదులోంచి ఎనిమిది ఎలా తీస్తారని. పైకి ఒకటో తరగతి తీసివేత. లోపల అష్టాక్షరికీ పంచాక్షరికీ పోటీ. చావబోతున్నవాడి నోట కూడికలు తీసివేతల భాషలో పొగరు పలికించడం గొప్ప పనితనం. సినిమా మొత్తంలో గణితమూ భక్తీ నిజంగా ఒక్కటైన చోటు చూపించమంటే ఈ పంక్తినే చూపించాలి. కేయాస్ ప్రసంగం దీనిముందు వెలవెలపోతుంది.

నంబి కల్పిత పాత్రే అయినా, వెనక ఉన్న ఘటన కల్పన కాదు. విష్ణువుని సాగరంలోకి పంపించాడని రెండో కులోత్తుంగుణ్ణి అతని ఆస్థాన కవి ఒట్టక్కూత్తర్ స్తుతించాడు కూడా. వైష్ణవ సంప్రదాయంలో ఈ కథకి తెలుగునాట కొనసాగింపు ఉంది. చిదంబరం నుంచి తప్పించుకొచ్చిన ఉత్సవమూర్తిని రామానుజాచార్యులు తిరుపతిలో ప్రతిష్ఠ చేయించారని చెబుతారు. తిరుపతి రైల్వేస్టేషన్ పక్కన, కొండెక్కే ముందు జనం దణ్ణం పెట్టుకునే గోవిందరాజస్వామి గుడి అదే. సంప్రదాయం చెప్పే ఏళ్లకీ కులోత్తుంగుడి పాలనాకాలానికీ కాస్త పేచీ ఉన్నా, రెండు ఊళ్ల మధ్య బంధం మాత్రం జనం మనసులో గట్టిగా ఉంది. తర్వాత విజయనగర పాలకుడు అచ్యుతదేవరాయలు 1539లో చిదంబరంలో స్వామిని మళ్లీ నిలబెట్టాడు. ఇవాళ ఆ ఆలయంలో ఒక చోట నిలబడితే నటరాజస్వామినీ గోవిందరాజస్వామినీ అక్కణ్ణుంచే చూడొచ్చు.

ఇంతకీ ఆ పది పాత్రలకీ పది అవతారాలకీ పొంతన ఉందా? ప్రేక్షకులు దీన్ని పొడుపుకథలా విప్పుకున్నారు. నీటిలో మునిగిన నంబి మత్స్యం. జపాన్ యోధుడు నరహాషి పేరులోనే నరసింహుడున్నాడు. ఆకాశమంత ఎత్తున్న కలీఫుల్లా త్రివిక్రముడిగా పెరిగిన వామనుడు. ఫ్లెచర్ కనిపించినవాణ్ణల్లా చంపే పరశురాముడు. దళిత నాయకుడు విన్సెంట్ పూవరాహన్ పేరులో భూవరాహస్వామి కనిపిస్తాడు, ఇసుక తవ్వకాల మీద అతని పోరాటం నేలని కాపాడేదే. అయినా అతణ్ణి కృష్ణుడనేవాళ్లూ ఉన్నారు. అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్ పాత్రని కూర్మం అనడం దగ్గరికొచ్చేసరికి ఎంత ఆలోచించినా గీత సరిగ్గా పడదు. కొన్ని పోలికలు రచయిత పెట్టినవి, కొన్ని పది లెక్క కుదరడానికి ప్రేక్షకుడు సర్దుకున్నవి.

బలరామ్ నాయుడు సంగతి తెలుగువాళ్లకి ప్రత్యేకం. మన ఇళ్లల్లో చిన్నపిల్లలు చెప్పే పద్యాల్లో దశావతారాల్లో తొమ్మిదో పేరు చాలాచోట్ల బుద్ధుడు. తమిళ శ్రీవైష్ణవుల జాబితాలో బుద్ధుడు ఉండడు, బలరాముడుంటాడు. ఆ బలరాముడే తెలుగు నాయుడై వచ్చాడు. మూల తమిళంలో అతను తెలుగు యాసలో తమిళం మాట్లాడుతూ, ఎదుటివాడిది తెలుగు అని తెలిస్తే కేసు పక్కన పెట్టి మురిసిపోతాడు. అందరూ తెలుగే మాట్లాడే డబ్బింగులో ఆ చమత్కారం పలచబడక తప్పదు. అయినా పది మందిలో ఒంటిమీద రబ్బరు తొడుగు ఉందన్న సంగతి మరిపించేది ఈ నాయుడూ, పూవరాహనూ మాత్రమే. ఫ్లెచర్, బుష్, నరహాషి మొహాల్లో మేకప్ ముందు మాట్లాడుతుంది, మనిషి తర్వాత.

ఇక వైరస్. ఉప్పు తగిలితే చచ్చిపోతుందని కథలో చెబుతారు. చివర్లో ఫ్లెచర్ సీసా మింగడం, సునామీ ఉప్పునీళ్లు ముంచెత్తి వైరస్‌ని చంపడం దీనికోసమే. ఆసుపత్రిలో చేతికి పెట్టే సెలైన్ బాటిల్ మీద 0.9 శాతం అని రాసి ఉంటుంది, మన రక్తంలోని ఉప్పదనానికి అది దగ్గర. సముద్రపు నీళ్లలో ఉండేది దాదాపు 3.5 శాతం. ఒంట్లో ఉన్న ఉప్పుని తట్టుకుని మనుషుల్ని లక్షల్లో చంపగల వైరస్ సముద్రం ఉప్పుకి ఠపీమని చచ్చిపోతుందంటే, ఆ ఉప్పు కథకుడి వంటింట్లోది. పోనీ అనుకోవచ్చు. పాలసముద్రం చిలికితే ముందు విషం, తర్వాత అమృతం వచ్చాయని నమ్మే కథాప్రపంచంలో, ఉప్పుసముద్రం విషాన్ని కడగడానికి పైకి లేచిందంటే పురాణానికి నప్పుతుంది.

సునామీ ఎంపిక మాత్రం అంత తేలిగ్గా వదిలేయదగింది కాదు. 2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నర కావస్తుండగా సుమత్రా పక్కన సముద్రం అడుగున 1200 కిలోమీటర్లకు పైగా నేల చీలింది. వందల ఏళ్లుగా పలక కింద పలక నొక్కుకుంటూ పేరుకున్న ఒత్తిడి అది. 14 దేశాల్లో 2 లక్షల 20 వేల మందికి పైగా పోయారు. భారతదేశంలో పది వేలకు పైగా, అందులో ఎక్కువ నాగపట్నం జిల్లాలో. ఆంధ్రప్రదేశ్ తీరంలోనూ వంద మందికి పైగా చనిపోయారు. కేయాస్‌కి ఉదాహరణగా ఇది సరైనదీ కాదు. భూకంపం ఎప్పుడొస్తుందో చెప్పలేకపోయినా, వచ్చాక అల ఏ తీరానికి ఎన్ని గంటలకి చేరుతుందో లెక్క కట్టొచ్చు. ఆ రోజు తమిళనాడు తీరానికి రెండు గంటలకు పైగా వ్యవధి ఉంది. అప్పటికి హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థ లేదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది 2007లో. ఆ ఉదయం జరిగిన ఘోరంలో లెక్కకి అందనిది కొంతే, లెక్క కట్టేవాళ్లు లేకపోవడం మరికొంత. సినిమా ఈ రెండోదాని జోలికి పోలేదు.

బదులుగా అది ఒడ్డున ఒక వాదన పెట్టింది. అల వెనక్కి వెళ్లాక శతాబ్దాల కిందట మునిగిన గోవిందరాజ విగ్రహం ఇసుకలో తేలి ఉంటుంది. ఒక్క సునామీ కోట్లమందిని వైరస్ నుంచి కాపాడింది కదా అన్నది ఆండాళ్ నమ్మకం. మరి చుట్టూ పడివున్న ఈ శవాల మాటేమిటన్నది గోవింద్ బాధ. దేవుడు లేడని తాను అనలేదనీ, ఉంటే బాగుండుననే అంటున్నాననీ అతను చెప్పే మాట ఇప్పటికీ జనం నోట్లో ఉంది. సినిమా అప్పటిదాకా పేర్చుకొచ్చిన కర్మ లెక్కలన్నిటినీ ఈ ఒక్క మాట కాస్త కదిలిస్తుంది. పూవరాహన్ ఎవరి పిల్లల్నో కాపాడుతూ నీళ్లలో పోతాడు. కొడుకు తిరిగొస్తాడని ఎదురుచూసిన బ్రాహ్మణ బామ్మ ఆ దళితుడి శవాన్నే తన కొడుకనుకుని ఒళ్లోకి తీసుకుంటుంది. అతని చావుకి మాత్రం ఏ ముడీ వేయకుండా వదిలేశారు. మిగతా అన్ని కాకతాళీయాలకన్నా ఈ దృశ్యం బలంగా తాకడానికి అదే కారణం కావచ్చు.

విగ్రహం తేలడం అతిగా ఉందని అప్పట్లో నవ్వుకున్నవాళ్లున్నారు. చిదంబరానికి ఉత్తరాన అదే తీరంలో మహాబలిపురం ఉంది. అక్కడ సునామీ ఇసుకని ఊడ్చుకుపోయాక ఏనుగు, సింహం వంటి పాత శిల్పాలు బయటపడ్డాయి. పక్కనే సాలువన్‌కుప్పంలో ఒక బండమీద అంతకుముందు కనిపించని శాసనం తేలింది. దాని ఆధారంగా పురావస్తు శాఖ 2005లో తవ్వితే పల్లవుల కాలం నాటి మురుగన్ గుడి, దాని కింద ఇంకా పాతదైన ఇటుకల గుడి కనిపించాయి. ఆ ఇటుకల గుడి కూడా ఎప్పుడో ఒక సునామీకే కూలి ఉంటుందని తవ్వినవాళ్లు భావించారు.